ఓడ నీట దిగు వేళ



నేను చాంద్రాయణగుట్ట వాసిని. మా గుట్టపై నిలిచి ఎంత దూరము చూచినను రాళ్లును ఇండ్లును దప్ప సముద్రము కానరాదు. అట్టివాడు ఓడలను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా దోపవచ్చును. ఇందులకు ఒక బాలుడు కారణము.

నేను బడిలో చరిత్ర చెప్పుచున్న దినములలో ఒకనాడు శాతవాహనుల నాణెముల ప్రస్తావన వచ్చినది. క్రీ.శ. 2వ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు స్తంభముల ఓడ బొమ్మతో నాణెములు వేయించెనని చెప్పితిని. వెనుక వరుస నుండి ఒక వడ్రంగి కుఱ్ఱవాడు లేచి, "అయ్యా, ఆ ఓడను చేసినది ఎవరు?" అని యడిగెను. నేను మరల రాజు పేరే చెప్పితిని. "రాజుగారికి వడ్రంగము వచ్చునా అండీ?" అనెను. తరగతి యంతయు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఆనాటి నుండి వెదకుచున్నాను. 1244వ సంవత్సర ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున సముద్ర వర్తకులకు అభయ శాసన మిచ్చెను. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సొమ్మును పూర్వరాజులు హరించుచుండగా, ఈతడు సుంకము మాత్రము గైకొని తక్కినది విడిచెను. ఆ శాసనమున రాజవంశ మున్నది, సుంకముల వివర మున్నది; ఓడ కట్టినవాని పేరు లేదు. మన గోలకొండ సుల్తానుల కాలమున, 17వ శతాబ్దమున, గోదావరి తీరమందలి నరసాపురమున గొప్ప ఓడలు తయారగుచుండెను. అడవుల కలప ఏటి మీదుగా దిగివచ్చెడిది. విదేశ వర్తకులు సయితము అచ్చట ఓడలు కట్టించుకొనిరి. వారి పేర్లు నిలిచినవి, కట్టినవారివి నిలువలేదు.

పేరు దొరకకున్నను పని తీరు తెలిసినది. అడుగు దూలమును వెన్నెముకవలె పఱచి, దానికి పక్కటెముకలవలె వంపు కొయ్యలు నిలిపి, పైని పలకలు బిగింతురు. పలకల సందులలో నారయు దూదియు క్రుక్కి, గుగ్గిలము నూనెతో మెత్తుదురు. పొడి కొయ్య నీరు త్రాగి ఉబ్బినప్పుడు సందులు తామే మూసికొనును. ఎంత నేర్పరి కట్టిన ఓడకైనను నీటిలో దిగు దినమే పరీక్షా దినము.

కోరంగి వంటి రేవులలో ఏటి యొడ్డున బురద నేలను త్రవ్వి, మట్టి కట్ట అడ్డము వేసి, ఆ గోతిలో ఓడ పని చేయు పద్ధతి యుండెను. పని ముగిసిన పిదప అమావాస్య పూర్ణిమల పెద్ద పోటునకై కాచుకొందురు. పోటు వచ్చు వేళ కట్ట తెగగొట్టగా నీరు లోపల జొచ్చి ఓడను మెల్లగా నెత్తును. పంచాంగము చెప్పు ముహూర్తమునకు ఒక గడియ అటునిటు కావచ్చును గాని, పోటు చెప్పు ముహూర్తము ఎవరి కొఱకును ఆగదు. ఆ క్షణమున ఓడ ఒక ప్రక్కకు ఒరిగెనా, నెలల శ్రమ వ్యర్థము. నిటారుగా తేలెనా, అదియే వడ్రంగికి బిరుదము.

కోరంగి 1789లోను 1839లోను వచ్చిన ఉప్పెనలకు నేలమట్టమైనది. అయినను బర్మాకు వలస పోయిన తెలుగువారిని అచ్చటివారు కోరంగీలనియే పిలిచిరి. రేవు పోయినను దాని పేరు సముద్రము దాటినది. చేరువనున్న తాళ్లరేవులో తరువాతను కొయ్య ఓడల పని సాగినది.

1948 మార్చి 14వ తేదీని విశాఖపట్టణమున 'జల ఉష' యను ఉక్కు ఓడను జవహర్‌లాల్ నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. ఆ దినము చరిత్రలో వ్రాయబడినది, వ్రాయదగినదే. కాని అంతకు ముందు వేల ఏండ్లుగా మన ఏటి గట్టులపై అట్టి దినములు ఎన్నియో గడచినవి. వానిని వ్రాసికొన్నవారు లేరు.

గ్రామ పెద్దలారా, మీ యూర ఓడయో, పడవయో, కడకు బండి చక్రమో చేయగల వృద్ధు డుండినచో నేడే వాని యొద్ద కూర్చుండుడు. వాని పేరును, వాని పని తీరును ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. నేను ఆ బాలునకు నేటికిని బాకీయున్నాను. మీ మనుమలు అడిగిననాడు మీరు బాకీ పడకుందురు గాక.