స్తంభానికి కట్టిన ఖైదీ

నజ్ద్ వైపు వెళ్లిన అశ్వికదళం యమామా నాయకుడైన సుమామా బిన్ ఉసాల్‌ను బంధించి మదీనాకు తెచ్చింది. ఆయనను మస్జిదె నబవీ స్తంభానికే కట్టి ఉంచారు. సఫ్‌లు తీరడం, ఖుర్ఆన్ పారాయణం, పేదల రాకపోకలు అన్నీ ఆయన కళ్లెదుటే జరిగాయి. 3 రోజులూ దైవప్రవక్త (సఅసం) స్వయంగా దగ్గరకు వచ్చి, మనసులో ఏముందని అడిగారు. కనికరిస్తే కృతజ్ఞత తెలిసినవాణ్ణి కనికరించినట్లేననీ, ధనమే కావాలంటే కోరినంత ఇస్తాననీ ఆయన బదులిచ్చాడు. మూడోనాడు కట్లు విప్పమని ఆజ్ఞ అయింది. పరిహారం తీసుకోలేదు, షరతు పెట్టలేదు, ఇస్లాం స్వీకరించమని కూడా అడగలేదు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా మేము ఇక్కడే ఆగిపోతాము. శిక్ష ముగించుకొని వచ్చినవాడు పక్కన నిలబడితే భుజం దూరం జరుపుకొనేవాళ్లం కదా మనం!

సుమామా తన ఊరికి పోలేదు. దగ్గరి ఖర్జూర తోటలో స్నానం చేసి, తనను కట్టి ఉంచిన ఆ మస్జిదుకే తిరిగి వచ్చి కలిమా పలికారు. తరువాత ఉమ్రాకు మక్కా వెళ్లగా, మతం మారావా అని అక్కడివారు దెప్పిపొడిచారు. దైవప్రవక్త అనుమతి లేనిదే యమామా నుంచి ఒక్క గోధుమ గింజ కూడా మీకు చేరదని సుమామా (రజి) వారికి చెప్పారు.