అమెరికా బడిలో అయ్యవార్లు ఎందుకు లేరు?

బోస్టన్ పక్కన మేముండే ఊళ్ళో, ఎలిమెంటరీ బడిలోకి పొద్దున్నే పోయే టీచర్లందరూ ఆడవాళ్ళే. మగమనిషి కనిపించాడంటే ప్రిన్సిపాలో, ఆటల మాస్టరో అయ్యుంటాడు. మా ఊరొక్కటే కాదు, అమెరికా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వందమంది టీచర్లకు మగవాళ్ళు సుమారు 11 మందే. అన్ని తరగతులూ కలిపితే ఇక్కడ ఆడవాళ్ళు 77 శాతం, మన దేశంలో 2024-25 లెక్కల ప్రకారం 54 శాతం. "చూడు, అక్కడ ఆడవాళ్ళకు ఎంత గౌరవమో" అన్నారు చిత్తూరులోని మా బంధువొకాయన. ఆ గౌరవం వెనకాల ఒక బేరం ఉంది.

1830ల దాకా ఇక్కడ కూడా బడిపంతులంటే ఎక్కువగా మగవాడే. చలికాలం పొలం పని ఉండదు కాబట్టి రైతుబిడ్డలు ఆ కొన్ని నెలలు పాఠాలు చెప్పి, మంచు కరగగానే సేద్యానికి పోయేవాళ్ళు. ఎండాకాలం బడికి వచ్చేది చిన్నపిల్లలే గనక దానికి ఆడపిల్లను పెట్టేవాళ్ళు. 1837లో హొరేస్ మాన్ మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శి అయ్యాడు. పన్నుల డబ్బుతో అందరికీ చదువు చెప్పాలన్నాడు, బడి రోజులు పెంచాలన్నాడు. రోజులు పెరిగేసరికి, సేద్యం చూసుకుంటూ చెప్పే మగవాడికి అది కుదరకుండా పోయింది. పన్ను కట్టేవాళ్ళేమో చేయి విదల్చరు. అప్పుడు గుర్తొచ్చారు ఆడవాళ్ళు. ఆ రోజుల్లో మసాచుసెట్స్‌లో టీచరమ్మ జీతం మగ టీచరు జీతంలో సగం కూడా లేదు.

1839 జూలైలో లెక్సింగ్టన్‌లో దేశంలోనే మొదటి ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల తెరిచారు, ఆడపిల్లలకు మాత్రమే. మొదటిరోజు వచ్చింది ముగ్గురు. ప్రిన్సిపాలు మాత్రం సైరస్ పియర్స్ అనే మగాయన! ఆడవాళ్ళది తల్లిమనసు, పిల్లల్ని వాళ్ళే బాగా చూసుకుంటారని మాన్, ఆడపిల్లల చదువు కోసం పాటుపడ్డ క్యాథరిన్ బీచర్ లాంటివాళ్ళు ఊదరగొట్టారు. కావచ్చు. తల్లిమనసుకు సగం జీతమెందుకో మాత్రం లెక్క చెప్పలేదు. తర్వాత అంతర్యుద్ధం ఇంకొందరు మగవాళ్ళను లాక్కుపోయింది. 1900 వచ్చేసరికి దాదాపు నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే. చాలా నగరాల్లో పెళ్ళయితే ఉద్యోగం ఊడేది. న్యూయార్క్ టీచరమ్మలు పోరాడి సమాన వేతనం సాధించుకున్నది 1911లో. అప్పటికే చిన్నపిల్లల చదువు ఆడవాళ్ళ పని అని అందరి బుర్రల్లో పాతుకుపోయింది.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా దారి వేరు. చెనిక్కాయ పంట వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు ఉండే కరువు సీమలో, నెలనెలా చేతికొచ్చే సర్కారు జీతాన్ని మగవాడు ఎందుకు వదులుకుంటాడు? అందుకే పల్లెల్లో అయ్యవారు నిలిచాడు. కథలు రాసిన దామలచెరువు మధురాంతకం రాజారాం గారూ ఉపాధ్యాయుడే. పైగా సర్కారు బడిలో ఆడా మగా ఇద్దరికీ ఒకటే స్కేలు. మన ఆడవాళ్ళు ఆ బడుల్లోకి చవగ్గా దొరికి రాలేదు, ప్రభుత్వమే కావాలని తెచ్చింది. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టిన ఎన్టీఆర్ ప్రభుత్వమే, 1984లో ఉద్యోగాల్లో ఆడవాళ్ళకు 30 శాతం కేటాయించింది. తర్వాత అది మూడోవంతయింది. టీచరమ్మ ఉంటేనే ఆడపిల్లను పంపుతామనే ఇళ్ళు ఉండేవి. కాబట్టి 1987 నాటి కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, ఒంటి అయ్యవారి బడులకు రెండో టీచరును ఇవ్వమంది, వీలైనంతవరకు ఆడమనిషినే ఇవ్వమంది.

ఇప్పుడు నాకు దిగులంతా మన ప్రైవేటు బడుల గురించి. తిరుపతి సందుల్లోని ఇంగ్లీషు మీడియం బడుల్లో నాటి మసాచుసెట్స్ లెక్కే నడుస్తోంది. బీఈడీ చదివిన కోడలు ఇంటిపట్టున ఉండే బదులు వస్తుంది, ఇచ్చింది పుచ్చుకుంటుంది అనే ధీమా యాజమాన్యాలది. ఆ జీతానికి మగవాళ్ళు రారు. రేపు అక్కడ టీచరమ్మల శాతం అమెరికాతో సమానమైనా, దాన్ని నేను గొప్పగా చెప్పుకోను. ఈసారి పిల్లల్ని చేర్చడానికి పోయినప్పుడు ఫీజెంతో అడిగాక, టీచరమ్మకు నెలకు ఎంతిస్తారో కూడా అడగండి.