సోడానీటి గొట్టము: తోలు నుండి ప్లాస్టిక్ వరకు

హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్, బేగంబజారు ప్రాంతములు టోకు వ్యాపారమునకు పేరుపొందినవి. ఇట్టి బజారులలో బస్తాలు మోయు హమాలీలు మొదలు సరుకు కొనవచ్చిన వర్తకుల వరకు అందరికిని గోలీసోడా పరిచితమైన పానీయము. ఇటీవల కొందరు ఒక ఉక్కు పీపాను, వాయువు నింపిన సిలిండరును తెచ్చుకొని ఇంటిలోనే సోడా తయారుచేసుకొనుచున్నారు. ఈ రెండింటిని కలుపు గొట్టము మొత్తము సరంజామాలో చౌకైన వస్తువు. కాని సోడా చరిత్రను పరిశీలించినచో, నీటికంటె, వాయువుకంటె, వానిని మోయు పదార్థమే ఎక్కువ ఆలోచనను కోరినదని తెలియును.

1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణములో జోసెఫ్ ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞుడు బీరు తయారగు తొట్లను పరిశీలించెను. పులియుచున్న ద్రవముపై బరువైన వాయువొకటి పొరవలె నిలిచియుండెను. అదియే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డై ఆక్సైడు. ఆ పొరలో ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి నీటిని పలుమార్లు పోయగా నీటికి కమ్మని పులుపు వచ్చెను. 1772లో ఆయన ఈ విధానమును వివరించుచు చిన్న పుస్తకము ప్రకటించెను. సుద్దపై గంధకామ్లము పోసి పుట్టించిన వాయువును జంతువు మూత్రాశయపు తిత్తిలో పట్టి, అక్కడినుండి తోలుగొట్టము ద్వారా నీటిలోనికి పంపవలెనని అందు వ్రాసెను. చెప్పులు కుట్టువారు వాడు మైనపు దారముతో ఆ గొట్టమును కుట్టి, రెండు కొనలలోను పక్షి ఈకల కాడలు దూర్చవలెను. సోడాకై వాడిన తొలి గొట్టములలో ఇది ఒకటి.

కొలది కాలములోనే జాన్ మెర్విన్ నూత్ అను వైద్యుడు తిత్తివలన నీటికి దుర్వాసన అంటుచున్నదని ఆక్షేపించి, అంతయు గాజుతో చేసిన పరికరమును రూపొందించెను. వాయువు శుద్ధమైనంత మాత్రమున చాలదు, అది ప్రయాణించు మార్గము కూడ శుద్ధముగా ఉండవలెను అను పాఠము ఆనాడే తెలిసినది.

1783లో జెనీవాలో జొహాన్ జేకబ్ ష్వెప్ సోడానీటి వ్యాపారము ప్రారంభించెను. వాయువు యొక్క పీడనము పెరిగినకొలది నీటిలో అది ఎక్కువగా కరగునని 1803లో విలియం హెన్రీ నిరూపించెను. సాధారణ పీడనమున, 15 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఒక లీటరు నీటిలో సుమారు ఒక లీటరు వాయువు మాత్రమే కరగును. చురుక్కుమను సోడాకు ఇంతకు మూడు నాలుగు రెట్లు కావలెను. కనుక పంపులు, లోహపాత్రలు, లోహగొట్టములు రంగములోనికి వచ్చినవి. వానితో క్రొత్త ప్రమాదము కూడ వచ్చెను. నీటిలో కరిగిన వాయువు కార్బోనికామ్లముగా మారి సీసమును, రాగిని కొద్దికొద్దిగా కరగించును. సీసము శరీరములో చేరి దీర్ఘకాలిక హాని చేయును. రాగి మోతాదు మించినచో వాంతులు కలుగును. అందుచేత పందొమ్మిదవ శతాబ్దపు తయారీదారులు రాగిపాత్రలకు లోపల తగరపు కళాయి వేయించి, తగరపు గొట్టములు వాడసాగిరి. వంటపాత్రలకు కళాయి పెట్టించిన మన పెద్దలకు ఈ యుక్తి క్రొత్త కాదు.

1872లో హైరం కాడ్ అను ఆంగ్లేయుడు గోలీసీసాకు పేటెంటు పొందెను. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి రబ్బరు వలయమునకు అదిమి మూతవేయును. ఈ సీసా భారతదేశమున వీధివీధికి చేరెను. 1919లో గోదావరి మండలమునందలి రామచంద్రపురములో అద్దూరి రామచంద్రరాజు సోడా వ్యాపారము ఆరంభించెను. అదియే తరువాత ఆర్టోస్ అను పేరుతో ప్రసిద్ధి చెందెను.

ఇక నేటి ఇంటి పీపా సంగతి. సిలిండరులో వాయువు ద్రవరూపమున ఉండును. 20 డిగ్రీల వద్ద దాని పీడనము సుమారు 57 బార్లు. ఒక బార్ ఇంచుమించు వాతావరణ పీడనమునకు సమానము. 31 డిగ్రీలకు అది సుమారు 74 బార్లకు చేరును. ఆపైన ఎంత పీడనమునకైనను ఆ వాయువు ద్రవముగా ఉండజాలదు. వేసవిలో 40 డిగ్రీలు దాటు హైదరాబాదులో నిండు సిలిండరును ఎండలో ఉంచుట ఎంత అపాయమో దీనినిబట్టి గ్రహింపవచ్చును. రెగ్యులేటరు ఈ పీడనమును రెండు మూడు బార్లకు తగ్గించి గొట్టమునకు అందించును.

వంటగ్యాసు గొట్టము ఇందుకు చాలదా అని కొందరికి తోచవచ్చును. వంటగ్యాసు రెగ్యులేటరు దాటిన పిమ్మట పీడనము బార్‌లో నూటికి మూడు పాళ్లు మాత్రమే. సోడా పీడనము దానికి అరువది రెట్లకు మించును. పైగా ఆ గొట్టము ఆహారముతో సంబంధము కొరకు చేసినది కాదు. చేపలతొట్టికి గాలి పంపు సన్నని గొట్టము కూడ ఈ ఒత్తిడికి పనికిరాదు. సిలికోను గొట్టము మెత్తగా, శుభ్రముగా ఉన్నను, దాని గోడలగుండా ఈ వాయువు సులభముగా బయటికి పోవును.

తగిన గొట్టమునకు మూడు లక్షణములు కావలెను. మొదటిది, ఆహారమునకు యోగ్యమైన ప్లాస్టిక్. లేనిచో దానిని మెత్తబరచుటకు కలిపిన రసాయనములు నీటిలో చేరవచ్చును. రెండవది, గోడలో నూలు వల అల్లి బలపరచిన నిర్మాణము. దానిపై ముద్రించిన పీడన పరిమితి వాడుక పీడనమునకు బాగా మించియుండవలెను, ఏలయన వేడికి ప్లాస్టిక్ బలము తగ్గును. మూడవది, కొనలకు సరిగా అమరు ఉక్కు క్లిప్పులు. నీరు వెనుకకు పారి రెగ్యులేటరులోని ఇత్తడిని తాకకుండ ఏకదిశా కవాటము కూడ ఉండవలెను. అతుకులపై సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూచుట తేలికైన పరీక్ష. ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది; మూసిన గదిలో అడుగున చేరి ఊపిరాడనీయదు.

పీడనము పెంచుటకంటె నీటిని చల్లార్చుట మేలు. 4 డిగ్రీల నీటికి రెండు బార్ల అదనపు పీడనము ఇచ్చు ఘాటును 30 డిగ్రీల నీటిలో పొందుటకు ఐదు బార్లకు పైగా కావలెను. హెన్రీ సూత్రము తెలిసిన విద్యార్థి కుండలోని నీటినో, ఐసునో ముందు తలచును. గొట్టముపై భారము తానే తగ్గును.