మంచుయింటి నుండి చలువగొట్టము వరకు

చెన్నపట్నపు సముద్రతీరమున వివేకానంద ఇల్లమను పాత కట్టడము కలదు. 1897లో స్వామి వివేకానందులు కొన్నాళ్ళు అందు విడిది చేసిరి. కాని దానిని మొదట కట్టినది మనుష్యుల నివాసమునకు కాదు, మంచుగడ్డలను దాచుటకు. అమెరికాలోని బోస్టను నగరవాసి ఫ్రెడరిక్ ట్యూడర్ శీతకాలమున గడ్డకట్టిన చెరువులనుండి మంచును కోయించి, రంపపుపొట్టులో పొదివించి, ఓడలలో ఉష్ణదేశములకు పంపెడివాడు. 1833లో ఆ సరకు కలకత్తా చేరినది. 1842లో చెన్నపట్నమున ఈ మంచుయిల్లు వెలసినది. మంచును యంత్రములతో ఇక్కడనే చేయుట అలవడిన పిమ్మట ఆ వర్తకము అంతరించెను.

వర్తకము పోయినను దాని కొలత మిగిలినది. రెండువేల పౌనుల మంచు ఒక పగలు, ఒక రాత్రిలో కరగుచు ఎంత వేడిని పీల్చుకొనునో, ఆ శక్తినే శీతలయంత్రముల భాషలో 'ఒక టన్ను' అందురు. నేడు మనము దుకాణములో 'ఒకటిన్నర టన్ను ఏ.సి.' అని అడుగునప్పుడు, తెలియకుండగనే ఆ మంచుకొట్ల లెక్కను వల్లించుచున్నాము.

చల్లదనమును యంత్రము సృష్టింపజాలదు. గదిలోని వేడిని తోడి వెలుపల పారబోయుటయే అది చేయు పని. తాను వాడుకొనిన విద్యుచ్ఛక్తి వేడిని కూడ దానికి జోడించును. కనుక ఇంటింట ఒక యంత్రము తిరుగు వీధిలో లోపలివారు సేదదీరుచుండగా, ఏ.సి. కొనలేని పొరుగువాని కిటికీకి ఆ వేడిగాలి తగులుచుండును.

ఒక్కచోట పెద్ద యంత్రమును నెలకొల్పి చల్లదనమును గొట్టములద్వారా పంచవచ్చునను ఆలోచన కొత్తది కాదు. 1889లోనే అమెరికాలోని డెన్వరు నగరమున ఒక కంపెనీ ఈ వ్యాపారమునకు పూనుకొనెను. ఆనాటి ఇట్టి గొట్టములు ముఖ్యముగా మాంసాదులు చెడకుండ నిలువచేయు గిడ్డంగులకు ఉపకరించినవి. 1962లో హార్ట్‌ఫర్డు నగరమధ్యమున ఒకే కేంద్రమునుండి అనేక భవనములకు చలికాలపు వెచ్చదనమునకై ఆవిరిని, వేసవికై చల్లని నీటిని అందించు ఏర్పాటు ఆరంభమైనది.

ఇందలి కీలకము సులభము. సుమారు 5 డిగ్రీలకు చల్లార్చిన నీరు భూమిలోని గొట్టములలో భవనములకు పోవును. అచ్చటి వేడిని గ్రహించి తిరిగి కేంద్రమునకు వచ్చును. పారిన నీటినిబట్టియు, పోకరాకల ఉష్ణోగ్రతల భేదమునుబట్టియు మీటరు లెక్క కట్టును. కచేరీలకు పగలు, నాటకశాలలకు రాత్రి చల్లదనము కావలెను. అందరి అవసరము ఒక్క గడియలోనే ముమ్మరింపదు కావున, విడివిడి యంత్రముల మొత్తముకంటె తక్కువ శక్తిగల యంత్రములే చాలును.

కొన్ని నగరములకు ప్రకృతియే తోడ్పడినది. 1995లో స్టాక్‌హోము సముద్రజలమును ఈ పనికి వినియోగించెను. టొరంటోలో 2004 నుండి ఒంటారియో సరస్సులో 83 మీటర్ల లోతున, ఏడాది పొడుగున సుమారు 4 డిగ్రీలుండు నీటిని తోడుచున్నారు. ఆ నీరు తన చలువను లోహపు రేకులగుండ భవనముల గొట్టములలోని నీటికి ఒప్పగించి, పిమ్మట పురజనుల కుళాయిలకు త్రాగునీరై చేరును. ఒకే నీరు రెండు మేలులు చేయుచున్నది!

మన దేశమున గుజరాతులోని గిఫ్ట్ సిటీయందు ఇట్టి వ్యవస్థ ఏర్పడినది. అయితే తెలుగునాట అంతటి చల్లని లోతైన సరస్సులు లేవు. వేడిని విడిచిపెట్టు గోపురములకు నీరు కావలెను. మురుగును శుద్ధిచేసిన నీటితో ఆ కొరత తీర్పవచ్చును. పాత వీధులను త్రవ్వి గొట్టములు వేయుట మిక్కిలి ఖర్చు. దూరదూరముగా ఇండ్లున్న పేటలకు ఇది గిట్టదు. భవనములు క్రిక్కిరిసిన కొత్త పట్టణములలో, పునాదులతోపాటే గొట్టములు పరచిననే ఫలితముండును. ఆ సమయము దాటిన పిమ్మట విచారించి ప్రయోజనము లేదు.

వేసవి రాగానే మన ఊరి కూడలిలో చలివేంద్రము వెలయును. అచ్చట కుండ ఒక్కటే, త్రాగువారు పలువురు. ఎవరి చలువకొరకు ఎవరి వాకిట వేడి పోయుదుమని కొత్త నగరములు కట్టువారు ముందుగా తమ్ము తాము ప్రశ్నించుకొందురేని, ఆ కుండ వారికి దారి చూపగలదు.