ఖాళీ ఇళ్లపై అదనపు కౌన్సిల్ పన్ను (ఇంగ్లండ్)

ఇంగ్లండ్‌లో దీర్ఘకాలంగా ఎవరూ నివసించని, సామాన్లు పెద్దగా లేని ఇళ్లపై స్థానిక కౌన్సిళ్లు మామూలు కౌన్సిల్ పన్నుకు తోడుగా విధించే అదనపు పన్ను. యజమానులు ఇళ్లను అమ్మేలా, అద్దెకిచ్చేలా చేయడం దీని ఉద్దేశం. విధించాలా వద్దా అన్నది కౌన్సిల్ నిర్ణయం.

2012 నాటి చట్టం ప్రకారం 2013 ఏప్రిల్ నుంచి, రెండేళ్లు ఖాళీగా ఉన్న ఇళ్లపై 50 శాతం వరకు అదనంగా వేసే అధికారం కౌన్సిళ్లకు వచ్చింది. 2019లో ఈ పరిమితి 100 శాతానికి పెరిగింది. ఐదేళ్లు దాటిన ఇళ్లకు 2020 నుంచి 200 శాతం, పదేళ్లు దాటినవాటికి 2021 నుంచి 300 శాతం గరిష్ఠ పరిమితి. 2024 ఏప్రిల్ నుంచి, అదనపు పన్ను మొదలయ్యే రెండేళ్ల గడువు ఏడాదికి తగ్గింది. యజమాని మారినా ఖాళీ కాలం లెక్క మళ్లీ మొదలు కాదు. అమ్మకానికి, అద్దెకు పెట్టిన ఇళ్లకు ఏడాది వరకు మినహాయింపు ఉంది.

వేల్స్, స్కాట్లాండ్‌లలో ఇలాంటి పన్నుకు వేరే నిబంధనలున్నాయి.