చందాతో తయారయ్యే ఆట



వినాయక చవితి దగ్గర పడగానే రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే కుర్రాళ్లను మీరు చూసే ఉంటారు. మీలో కొందరు తిరిగే ఉంటారు కూడా. మేముండే రాయపూర్ తెలీబంధాలోనైనా, మీ ఊళ్లోనైనా పద్ధతి ఒక్కటే. ఒక్కరు భరించలేని ఖర్చును వందమంది పంచుకుంటారు. పండుగ మాత్రం అందరిదీ.

ఇదే పద్ధతిలో ఒక కంప్యూటర్ ఆటను తయారు చేయవచ్చా? చేయవచ్చు. చేశారు కూడా. దాన్నే క్రౌడ్ ఫండింగ్ అంటున్నాం. పేరు కొత్తదే గాని ఆలోచన చాలా పాతది. దాని చరిత్ర తెలిస్తే, రేపు మీరు ఆట తయారు చేయబోయినా, ఇంకొకరి ఆటకు డబ్బు ఇవ్వబోయినా మోసపోకుండా, మోసం చేయకుండా ఉండగలుగుతారు. ఈ పాఠం ఉద్దేశం అదే.

చందాకూ దీనికీ తేడా ఏమిటి?

వినాయకుడి చందాలో మీకు అనుమానం ఉండదు. విగ్రహం వస్తుందని తెలుసు. పందిరి ఎక్కడ వేస్తారో తెలుసు. చందా అడిగిన కుర్రాడు ఎవరి అబ్బాయో కూడా తెలుసు. క్రౌడ్ ఫండింగ్‌లో ఈ మూడూ ఉండవు. వస్తువు ఇంకా పుట్టలేదు. తయారు చేసేవాళ్లు వేరే ఊళ్లో, తరచు వేరే దేశంలో ఉంటారు. మీ చేతికి అందేది ఒక మాట మాత్రమే. "ఇంత డబ్బు పోగైతే, ఇన్నాళ్లలో, ఇలాంటిది తయారు చేసి ఇస్తాం" అన్న మాట.

అందువల్ల ఇది దానం కాదు, ఎందుకంటే తిరిగి ఏదో ఒకటి వస్తుందని ఆశిస్తాం. కొనుగోలు అనడానికీ లేదు, వస్తువు ఇంకా లేదు కాబట్టి. వాటా రాదు కనుక పెట్టుబడి కూడా కాదు. నమ్మకం మీద ముందుగా ఇచ్చే సొమ్ము ఇది. ఈ సంగతి గుర్తుంచుకుని చరిత్రలోకి వెళదాం.

పుస్తకాలతో మొదలు

ఇంగ్లండులో అలెగ్జాండర్ పోప్ అనే కవి హోమర్ రాసిన ఇలియడ్‌ను అనువదించాలనుకున్నాడు. అది చాలా ఏళ్ల పని. అన్నాళ్లూ బతకడం ఎలా? ఆయన ముందుగానే చందాదారులను చేర్చుకున్నాడు. సంపుటానికి ఒక గినీ చొప్పున 575 మంది చేరారు. 1715 నుంచి 1720 వరకు ఆరు సంపుటాలూ వచ్చాయి. ఇచ్చిన మాట నిలిచింది.

1885లో అమెరికాలో ఇంకో సమస్య వచ్చింది. ఫ్రాన్స్ ప్రజలు స్వేచ్ఛా విగ్రహాన్ని కానుకగా ఇస్తున్నారు గాని, దాన్ని నిలబెట్టే పీఠానికి డబ్బు చాలలేదు. జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో జనాన్ని చందా అడిగాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు అచ్చు వేస్తానన్నాడు. లక్షమందికి పైగా స్పందించారు. వారిలో చాలామంది ఇచ్చింది ఒక డాలరు కన్నా తక్కువే. సుమారు లక్ష డాలర్లు పోగయ్యాయి. దాతల పేర్లు అచ్చు వేయడం ఒక విధమైన లెక్క చూపడం అని గమనించండి.

తెలుగువారి ప్రయత్నం

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కొమర్రాజు లక్ష్మణరావు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చదువు మాత్రం నాగపూర్‌లో, అక్క భండారు అచ్చమాంబ ఇంట ఉండి సాగింది. అప్పట్లో నాగపూర్, రాయపూర్, బిలాస్‌పూర్ అన్నీ సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనివే. తొలి తెలుగు కథా రచయిత్రులలో ఒకరైన అచ్చమాంబ 1905లో మా పొరుగున ఉన్న బిలాస్‌పూర్‌లోనే కన్నుమూశారు. తెలుగు చరిత్ర తెలుగు గడ్డ మీదే జరగలేదని చెప్పడానికి ఇది చాలు.

అక్క పోయిన మరుసటి ఏడు, 1906లో, లక్ష్మణరావు మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు ఆ మిత్రులలో ఉన్నారు. చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు తెలుగులో చదువుకునే వీలు కల్పించడం వారి ఆశయం. అలాంటి పుస్తకం మీద సొంత డబ్బు పెట్టే వ్యాపారి దొరకడం కష్టం. అందుకని మండలి చందాదారులను చేర్చుకుంది, జమీందారుల సాయమూ తీసుకుంది. తొలి పుస్తకం హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఆ తర్వాత జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం వచ్చాయి. 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వచ్చింది. తెలుగులో సైన్సు చెప్పే మాలాంటి వారికి ఆ చందాదారులు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

అయితే కథలో రెండో సగం కూడా చెప్పాలి. లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనే మహా కార్యాన్ని తలపెట్టారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి గాని, అక్షరమాలలో తొలి అక్షరం దగ్గరే పని ఉండిపోయింది. 1923లో ఆయన మరణించారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మళ్లీ ఎత్తుకున్నారు. 1938లో ఆయన కూడా పోయారు, పని పూర్తి కాలేదు. ఇందులో ఎవరి మోసమూ లేదు. పని పరిమాణం మనిషి ఆయుష్షును మించిపోయింది. ఈ ఉదాహరణను జ్ఞాపకం పెట్టుకోండి. ఆటల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

సినిమాలకు కూడా ఈ మార్గం వచ్చింది. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన మంథన్‌కు గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. 2018లో విడుదలైన మను అనే తెలుగు చిత్రానికి వందమందికి పైగా కలిసి సుమారు కోటి రూపాయలు సమకూర్చారు.

ఆటల వంతు

కిక్‌స్టార్టర్ అనే వేదిక 2009లో అమెరికాలో మొదలైంది. దాని నియమం తేలికైనది. తయారీదారు ఒక లక్ష్యం, ఒక గడువు చెప్పాలి. గడువులోగా లక్ష్యం నిండితేనే డబ్బు చేతికి వస్తుంది. నిండకపోతే ఎవరి దగ్గరా ఒక్క డాలరు కూడా వసూలు చేయరు. ఎందుకీ కఠినత్వం? సగం డబ్బుతో సగం వంతెన కడితే ఎవరికీ ఉపయోగం లేదు కదా!

2012లో డబుల్ ఫైన్ అనే ఆటల సంస్థ 4 లక్షల డాలర్లు అడిగింది. 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షల డాలర్లు ఇచ్చారు. పెద్ద ప్రచురణకర్తల గడప తొక్కకుండానే ఆట తయారు చేయవచ్చని లోకానికి తెలిసింది. కాని తర్వాత ఏమైంది? డబ్బు పెరిగేకొద్దీ ఆలోచన కూడా పెరిగింది. ఎనిమిది రెట్లు వచ్చినా చాలలేదు. బ్రోకెన్ ఏజ్ అనే ఆ ఆట మొదటి సగం 2014లో, రెండో సగం 2015లో వచ్చింది. ఆలస్యమైనా మాట దక్కింది.

అదే 2012లో నీల్ స్టీఫెన్‌సన్ అనే రచయిత కత్తియుద్ధం ఆట ఒకటి చేస్తానని 5 లక్షల డాలర్లకు పైగా సేకరించాడు. 2014లో ఆ పని ఆగిపోయినట్టు ప్రకటించాడు. ఇచ్చినవారికి పూర్తి ఆట దక్కలేదు.

మన దేశంలో? 2013లో భోపాల్‌కు చెందిన పైరోడాక్టిల్ అనే చిన్న బృందం అన్‌రెస్ట్ అనే ఆట కోసం 3 వేల డాలర్లు అడిగింది. 36 వేలకు పైగా వచ్చాయి. కరవులో చిక్కుకున్న ఒక ప్రాచీన భారతీయ నగరంలో మామూలు మనుషులు ఎలా బతికారన్నది ఆ ఆట కథ. 2014లో విడుదలైంది. 2000 సంవత్సరం దాకా మా రాయపూర్‌కు రాజధాని ఆ భోపాలే. పెద్ద పరిశ్రమ లేని ఊళ్ల నుంచి కూడా ఈ పని సాధ్యమేనని దీనివల్ల తెలుస్తోంది.

పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ కథ వేరు. రాజీ అనే ఆట కోసం 2017లో వారు చందా అడిగితే లక్ష్యం నిండలేదు. నియమం ప్రకారం పైసా రాలేదు. వ్యవస్థాపకులలో ఒకరు సొంత ఫ్లాటు అమ్మి పని నడిపించారు. ఆ తర్వాత ఒక ప్రచురణకర్త సాయం దొరికింది. 2020లో ఆట విడుదలై అంతర్జాతీయంగా పేరు తెచ్చుకుంది. జనం డబ్బు ఇవ్వనంత మాత్రాన ఆలోచన చెడ్డదని అర్థం కాదు. అయితే ఇల్లు అమ్ముకునే వీలు అందరికీ ఉండదు కదా!

ఒక లెక్క చేద్దాం

ఇది ఊహించిన ఉదాహరణ. మీరు నలుగురు స్నేహితులు కలిసి ఒక తెలుగు ఆట చేయదలచారు. వెయ్యి మంది తలా 500 రూపాయలు ఇచ్చారు. మొత్తం 5 లక్షలు. వేదిక రుసుము నూటికి 5 చొప్పున 25 వేలు. చెల్లింపుల రుసుము నూటికి 4 చొప్పున 20 వేలు. ఇచ్చిన వారందరికీ ఒక బొమ్మ పోస్టులో పంపుతామన్నారు, మనిషికి 60 రూపాయలు, అంటే 60 వేలు. మిగిలింది 3 లక్షల 95 వేలు. నలుగురికీ నెలకు 20 వేల చొప్పున ఖర్చు 80 వేలు. ఎన్నాళ్లు గడుస్తుంది? అయిదు నెలలైనా నిండవు.

ఆ ఆటకు రెండేళ్లు పడుతుందనుకుందాం. అప్పుడు కావలసింది 19 లక్షల 20 వేలు. మీ దగ్గరున్నది అందులో అయిదో వంతు. ఇక్కడ ఎవరూ దొంగలు కారు. లెక్క మాత్రమే తప్పు. జనం చందాతో మొదలై ఆగిపోయిన పనుల్లో చాలావాటికి మూలం ఈ తప్పే. "ఎక్కువ అడిగితే ఇవ్వరేమో" అన్న భయంతో తక్కువ అడుగుతారు. ఇచ్చినవారి ఉత్సాహం చూసి ఎక్కువ వాగ్దానం చేస్తారు. ఈ రెండూ కలిస్తే పని మునిగిపోతుంది.

చట్టం ఏమంటుంది?

ఆటకు ముందుగా డబ్బు తీసుకుని ఆటనే బదులుగా ఇవ్వడం ఒకటి. సంస్థలో వాటా ఇస్తామని జనం దగ్గర డబ్బు తీసుకోవడం మరొకటి. రెండోదానికి మన దేశంలో గట్టి హద్దులున్నాయి. 2013 కంపెనీల చట్టం కింద ప్రైవేటు కంపెనీ ఒక ఆర్థిక సంవత్సరంలో వాటాలను 200 మందికి మించి ఇవ్వజూపరాదు. 2014లో సెబీ ఈ విషయంపై ఒక చర్చాపత్రం విడుదల చేసింది. కాబట్టి "మా ఆటలో వాటా కొనండి, లాభం పంచుతాం" అని ఎవరైనా ఫోన్‌లో సందేశం పంపితే జాగ్రత్తపడండి. అలాగే డబ్బు పందెం కట్టి ఆడే ఆటలు పూర్తిగా వేరు. వాటిని నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది.

ఏం గ్రహించాలి?

పోప్ నుంచి భోపాల్ బృందం వరకు మాట నిలుపుకున్న వారిని చూడండి. వారి పనికి ఒక హద్దు ఉంది. ఎన్ని సంపుటాలో, ఎంత కథో ముందే తెలుసు. ఆగిపోయిన పనులకు ఆ హద్దు కరవైంది. విజ్ఞాన సర్వస్వం వంటి గొప్ప ఆశయానికి కూడా అదే గతి పట్టింది. అయినా ఆ మూడు సంపుటాలు వచ్చాయి, వాటిని చూసి తర్వాతి తరాలు విజ్ఞాన సర్వస్వాలు తయారు చేశాయి. కనుక ఆగిపోయిన పని అంతా వృథా అనకూడదు. ఇచ్చినవారికి ఎప్పటికప్పుడు నిజం చెప్పారా లేదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

మీరు డబ్బు ఇచ్చేవారైతే నాలుగు సంగతులు చూడండి. ఆడి చూడగల నమూనా ఉందా? బృందం ఇంతకుముందు ఏదైనా పూర్తి చేసిందా? ఖర్చుల లెక్క చూపారా? పని ఆగిపోతే ఏం చేస్తామో చెప్పారా? పోయినా బాధపడనంత మొత్తమే ఇవ్వండి. మీరు అడిగేవారైతే ఇవే నాలుగు ప్రశ్నలకు ముందుగా కాగితం మీద జవాబు రాసుకోండి. జవాబు రానిచోట చందా అడగకండి. ముందు చిన్న ఆట ఒకటి పూర్తి చేయండి.

అభ్యాసం

1. మీ వీధిలో లేదా కళాశాలలో చందాతో జరిగిన ఒక పనిని ఎంచుకుని, జమాఖర్చులు ఎలా చూపారో తెలుసుకోండి.

2. పై ఉదాహరణలో ఆటను ఆరు నెలల్లో పూర్తి చేయాలంటే తలా 500 రూపాయల చొప్పున ఎంతమంది కావాలో లెక్కకట్టండి. రుసుములు, పోస్టు ఖర్చు మరిచిపోకండి.

3. మీరు తయారు చేయదలచిన ఆటలో దేన్ని వదిలేస్తే అది ఆరు నెలల పని అవుతుందో పది వాక్యాల్లో రాయండి.