ప్రళయకావేరి: ఉప్పునీటి వేట, వంతుల కట్టుబాటు

చిత్తూరు సీమ యనగానే కొండలును, చెఱువులును, దేవాలయములును స్ఫురించునే గాని సముద్రము స్ఫురింపదు. అయినను ఈ సీమ సంతలలో అమ్ముడుపోవు కరువాడు, ఎండురొయ్యలు తూర్పుతీరపు ఉప్పునీటి పంటలే. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతములు నెల్లూరు జిల్లా నుండి ఇందు చేరినవి. దానితో పులికాటు సరస్సు తీరము కూడ ఈ సీమదే యైనది.

ప్రళయకావేరి యని పూర్వులు పిలిచిన ఈ సరస్సు, ఉప్పునీటి సరస్సులలో మన దేశమున చిల్కా తరువాత రెండవది. వానకాలమున సుమారు 450 చదరపు కిలోమీటర్లు వ్యాపించి, వేసవిలో సుమారు 250కి తగ్గును. దీనికిని బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడవలె నున్నది. పిచ్చాటూరు మీదుగా పారు అరణియారును, సూళ్లూరుపేట చెంతనున్న కాళంగియు దీనికి మంచినీరు తెచ్చును. సముద్రపు మొగలగుండ ఉప్పునీరు వచ్చును. ఈ రెండు నీళ్ల కలయికయే ఇచ్చటి వేటకు మూలము.

రొయ్య కడలిలో గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు పోటునీటితో మొగలో ప్రవేశించి, లోతులేని సరస్సులో కొన్ని మాసములు పెరిగి, తిరిగి కడలి దారి పట్టును. ఈశాన్య ఋతుపవనముల వానలకు ఏఱులు పొంగి ఇసుకమేటను కోసి మొగను విప్పును. ఆశ్వయుజ కార్తికములలో మన కొండలపై కురిసిన వాన ఆ పైమాసముల వేటను నిర్ణయించు ననుట అతిశయోక్తి గాదు. వేసవిలో నీరు ఇంకి, ఉప్పదనము ఒక్కొక్కప్పుడు కడలిని మించును. ఉత్తరభాగము చాలవరకు ఎండిపోవును. అప్పుడు వేట సన్నగిల్లును.

రొయ్యలు సాగు దారులు కొన్నియే. పౌర్ణమి, అమావాస్యల ఆటుపోటుల వడిలో కొయ్యలు పాతి వల కట్టుటకు అనువగు చోటులు మఱి కొన్నియే. అందరును ఒక్కచోటనే వల కట్టినచో తగవు తప్పదు. అందుచే దక్షిణభాగమున పులికాటు పరిసరములలోని పట్టణవర్ మత్స్యకారులు 'పాడు' అను కట్టుబాటు నేర్పరచుకొనిరి. ఇచ్చట పాడనగా నాశనము గాదు, వేటచోటు. చీట్లు వేసి వంతులు నిర్ణయింతురు. నేడు మంచిచోటు దక్కినవాడు రేపు దానిని మరియొకనికి విడువవలెను. ప్రభుత్వ శాసనము లేకయే నడచిన ఈ నీతి మెచ్చదగినది.

అయితే దీనికి రెండవ ముఖమును గలదు. ఆ కులమున పుట్టనివారికి వంతు లేదు. తరువాత వేటకు దిగిన ఇతర కులములవారు హక్కు కోరగా వివాదములు పుట్టినవి. యానాదులు, ఇరులరులు లోతులేని నీటిలో చేతులతో తడిమి రొయ్యలు, పీతలు పట్టి జీవించుచు వచ్చిరి. నీటిని సమముగా పంచిన కట్టుబాటే కొందరిని గట్టుమీద నిలిపినది.

ఈ తీరమునకు పరదేశీయులు వచ్చినది బట్టల కొఱకు. డచ్చివారు 1613లో పులికాటున గెల్డ్రియా కోట కట్టిరి. పిదప ఆంగ్లేయుల కాలమున బకింగ్‌హాము కాలువ ఈ సరస్సును మదరాసుతో కలిపెను. 1876-78 నాటి గొప్ప కఱవులో కూలీలచే త్రవ్వించిన భాగమును ఇందు గలదు. ఆ కాలువపై పడవలు కట్టెలు, ఉప్పు, చేపలు మోసినవి.

1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించగా సరస్సు రెండు రాష్ట్రముల పాలయ్యెను. చేపలకు ఎల్లలు లేవు గాని వలలకు వచ్చినవి; ఇరుప్రక్కల మత్స్యకారుల నడుమ ఘర్షణలు పలుమారులు చెలరేగినవి. శ్రీహరికోటలో 1971 నుండి రాకెట్ల ప్రయోగము సాగుచున్నది. సూళ్లూరుపేట నుండి అచ్చటికి వేసిన బాట సరస్సు నడుమగా పోవుచున్నది.

వీని అన్నిటికంటె పెద్దచిక్కు ఇసుక పూడిక. ఉత్తరమున రాయదొరువు మొగ పూడిపోవుటచే పోటునీరు రాక, ఆ దెసనుండి రొయ్యపిల్లకు దారి లేక, పలు గ్రామములవారు వలలు చుట్టి కూలిపనులకు వలస పోయిరి. మొగను త్రవ్వించుడని వారు చిరకాలముగా కోరుచున్నారు. చీట్లు వేసి పంచుకొను నేర్పు తీరవాసులకు కలదు. పంచుటకు నీరు నిలుపుట మాత్రము వారి చేతిలో లేదు. అది రెండు ప్రభుత్వములు కూడి చేయవలసిన పని.